గొంతులో గింజ, చేతి మీద నింద

ఐబ్రోస్ చేయాలంటే దారం ఒక కొసను పళ్ళ మధ్య బిగించి పట్టుకోవాలి. మిగతా దారాన్ని రెండు చేతుల వేళ్ళకు మెలిపెట్టి, ఆ మెలిక కనుబొమ మీద పరుగెత్తేలా వేళ్ళను తెరుస్తూ మూస్తూ ఉండాలి. కుర్చీలో వాలిన మనిషి కళ్ళు మూసుకుని ఉంటుంది. చేసే మనిషి ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. పద్మారావు నగర్‌లో ఇరవై ఏళ్ళుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను కాబట్టి ఆ జానెడు దూరంలో ఏమేం తెలుస్తాయో నాకు తెలుసు. ఎవరు ఏ టిఫిన్ తిని వచ్చారో, ఎవరు ఇంట్లో ఏడ్చి వచ్చారో, ఎవరికి జలుబు పట్టబోతోందో అన్నీ తెలుస్తాయి. కస్టమర్లకు మా గురించి కూడా అంతే తెలుస్తుందన్న సంగతి మాత్రం చాలా కాలం నా బుర్రకు ఎక్కలేదు.

నన్ను అందరూ ముక్కుసూటి మనిషి అంటారు. పెళ్ళయి కృష్ణా జిల్లా నుంచి సికింద్రాబాద్ వచ్చిన కొత్తలో ఇరుగుపొరుగు నా మాటకు జంకేవారు. ఒకసారి పెళ్ళికూతురి మేకప్ మాట్లాడుకోవడానికి వచ్చిన తల్లి, పిల్లను రెండు ఛాయలు తెల్లగా చూపించమని అడిగింది. పిల్ల రంగు బాగానే ఉంది, మీ చూపు బాగు చేయించుకోండి అని ముఖం మీదే అన్నాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది, మర్నాడు మళ్ళీ వచ్చింది. నా నోటికి భయపడే మా వీధిలో ఇంకెవరూ పార్లర్ పెట్టలేదని మా ఆయన నన్ను ఏడిపిస్తుంటాడు. ఇంత నోరు పెట్టుకుని, ఒక్క అమ్మాయి దగ్గర చెప్పాల్సిన మాట మింగేసి, దాని బదులు ఇంకో మాట చెప్పాను. ఆ రెండో మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆ అమ్మాయి మెట్టుగూడ నుంచి వచ్చేది. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి. ఇంటర్ అయ్యాక ఆరు నెలలు బ్యూటీషియన్ కోర్సు చేసి, నా దగ్గరికి పని అడగడానికి వచ్చింది. పరీక్ష పెడదామని నేనే కుర్చీలో కూర్చుని నా కనుబొమలు చేయమన్నాను. మా పనిలో చెయ్యి తేలిక అనే మాట ఒకటుంది. దారం వెంట్రుకను పట్టడం, లాగడం రెండూ ఒక్క క్షణంలో అయిపోతే నొప్పి పెద్దగా తెలియదు. పట్టాక ఒక్క రవ్వ ఆలస్యమైనా కంట్లో నీళ్ళు తిరుగుతాయి. ఆ పిల్ల చేస్తుంటే నాకు నిద్ర వచ్చినంత పనైంది. లేచి అద్దంలో చూసుకుంటే, నిజం ఎందుకు దాచాలి, కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. ఇంత పని ఎక్కడ నేర్చావని అడిగితే నవ్వి, తన పిక్కల మీదే నేర్చుకున్నానని చెప్పింది. కోర్సు జరిగినన్నాళ్ళూ రోజూ ఇంటికి వెళ్ళి తన కాళ్ళ మీద దారం ఆడించేదట.

రెండేళ్ళు నా పార్లర్ ఆ చేతి మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. స్కూలు టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు ఫోన్ చేసి ముందు ఆ అమ్మాయి ఉందా అని అడిగేవారు. నేను ఖాళీగా ఉన్నా సరే, ఆమె కోసం పాత పత్రికలు తిరగేస్తూ కూర్చునేవారు. తనకు ఆ సంగతి తెలుసు. గర్వం కనబడనిచ్చేది కాదు గానీ, నడకలో ఒక హుషారు ఉండేది. అక్కా, ఇంకో రెండేండ్లకు మెట్టుగూడల నేను సుత ఒకటి షురూ చేస్తా అని నాతోనే అనేది. చెయ్యి సంగతి సరే, ముందు అద్దె సంగతి చూస్కో అని నేను వెక్కిరించేదాన్ని.

మూడో ఏడు మొదట్లో ఒక బ్యాంకు ఆవిడ, ఆ అమ్మాయి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా చేయించుకోని మనిషి, ఈసారి మీరు చేయండి అని నా వైపు చూసింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, చెవి దగ్గరకు వచ్చి, ఆ పిల్ల నోరు కొంచెం వాసన వస్తోంది, కొంచెం చూసుకోండి అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. తర్వాత ఇద్దరు ముగ్గురు కారణం చెప్పకుండానే నా కుర్చీ వైపు మళ్ళారు. ఒక మధ్యాహ్నం టవల్ మడతపెడుతున్న నెపంతో నేను ఆ అమ్మాయి పక్కన నిలబడి మాట్లాడించాను. నిజమే. కుళ్ళిన వాసన, ఆ పరిశుభ్రమైన పిల్లకు ఏ మాత్రం సంబంధం లేనట్టుగా.

అప్పటి నా తెలివితేటలు తలచుకుంటే సిగ్గేస్తుంది. శనివారం శనివారం ఒంటిపూట భోజనమే చేస్తుంది కాబట్టి ఖాళీ కడుపు వాసన అనుకున్నాను. సోమవారం కూడా ఉంటే మలబద్ధకం అనుకున్నాను. తర్వాత రాత్రిపూట బ్రష్ చేసుకోదేమో అనుకున్నాను. అడిగితే తెలిసిపోయే దానికి ఇన్ని ఊహలు. ఏలకుల డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టి అందరికీ పంచాను, తనకు రెండు ఎక్కువ ఇచ్చాను. లవంగం నమిలితే గొంతు బాగుంటుందని ఎవరితోనో అంటున్నట్టు తనకు వినబడేలా అన్నాను. బాత్రూమ్‌లో మౌత్‌వాష్ సీసా పెట్టి, ఇది అందరి కోసం అని రెండుసార్లు ప్రకటించాను. పాము చావకుండా, కర్ర విరగకుండా నడిపిన వ్యవహారం అది. పాపం ఆ పిల్ల ఏలకులు నమిలింది, మౌత్‌వాష్ పుక్కిలించింది. అరగంట బాగుండేది, మళ్ళీ మామూలే.

ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె గట్టిగా దగ్గి, టిష్యూ కాగితంలో ఏదో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇది చూడు. గొంతులకెళ్లి ఎల్లింది. ఎప్పటినుంచో ఈడ ఏదో ఇరికినట్టే ఉన్నది. ఏందంటవ్ ఇది?"

బియ్యపు నూకంత ఉంది. పసుపు కలిసిన తెలుపు. దాని వాసన తగలగానే నేను ముఖం తిప్పుకున్నాను. పొద్దున తిన్న ఉప్మా అయి ఉంటుంది, తినేటప్పుడు నమిలి తిను, ముందు అది పారేసి చేతులు కడుక్కో అని కసిరాను. ఆ అమ్మాయి దాన్ని ఇంకోసారి చూసుకుని, పారేసి, చేతులు కడుక్కుని వచ్చింది. ఉప్మాలో నూకకు అంత వాసన ఎందుకుంటుందని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. జబ్బు తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చి నా ముందు నిలబడింది. నేను చేతులు కడుక్కోమన్నాను.

మాఘ మాసంలో ఒక పెళ్ళివారు పది మంది ఆడవాళ్ళకు ఒకేసారి మాట్లాడుకున్నారు. పెళ్ళికూతురి మేనత్త మా పాత కస్టమర్. ఆవిడ ఆ అమ్మాయి కాకుండా వేరేవాళ్ళు చేస్తేనే వస్తామని ఖచ్చితంగా చెప్పింది. ఇక చెప్పక తప్పదు. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని మా అమ్మ రోజుకు నాలుగుసార్లు అనేది. ఆ మాట నేను అందరికీ వాడాను, ఈ అమ్మాయి దగ్గర తప్ప. పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, వెనక గదిలో తనను కూర్చోబెట్టాను. నోరు తెరిచాను. ఎదురుగా ఆ పిల్ల ముఖం, కాటుక పెట్టుకుని, జడలో సన్నజాజులు పెట్టుకుని, అక్క ఏం చెబుతుందా అని చూస్తోంది. ఆడపిల్లకు నీ నోరు వాసన అని ఎలా చెప్పేది? ఇవాళ చెబితే జన్మంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది కదా అనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. ఆమె ఏడిస్తే చూడాల్సింది నేను. ఆ కష్టం నాకు వద్దనుకున్నాను.

"ఈ మధ్య నీ చెయ్యి బరువైందే. నొప్పిగా ఉంటోందని కస్టమర్లు అంటున్నారు. కొన్నాళ్ళు వాక్సింగ్, పెడిక్యూర్ చూసుకో."

ఒంటి మీద నింద కంటే పని మీద నింద తేలిక అని నేను లెక్క వేసుకున్నాను. చెయ్యి బరువైతే మళ్ళీ సాధన చేసి తేలిక చేసుకోవచ్చు, నోటి పరువు పోతే తిరిగి రాదు అనుకున్నాను. పని తప్ప ఇంకేదీ తనదని చెప్పుకోవడానికి లేని మనిషికి ఆ లెక్క పూర్తిగా తలకిందులని నాకు తట్టలేదు. ఆ పిల్ల ఏడవలేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. ఎవరన్నరక్కా అని ఒక్కటే అడిగింది. చాలామంది అన్నారని చెప్పాను.

ఆ వారం చివర్లో మణికట్టుకు నల్లదారం కట్టుకుని వచ్చింది. చెయ్యి మంచిది, చెయ్యి మంచిది అని అందరూ పొగిడి పొగిడి చేతికే దిష్టి తగిలిందని వాళ్ళమ్మ అన్నదట. మంగళవారం, శుక్రవారం ఎండు మిరపకాయలతో దిష్టి తీస్తోందట. మిరపకాయలు కాలుతుంటే ఘాటు రాలేదని, అంటే చాలా గట్టి దిష్టేనని నాకు వివరంగా చెప్పింది. నేను తలూపుతూ విన్నాను. లేని జబ్బుకు ఆ ఇంట్లో మిరపకాయలు మాడుతుంటే, ఉన్న జబ్బు గొంతులో హాయిగా కూర్చుని ఉంది.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి ఒక కస్టమర్‌కు పాదాలు తోముతుండగా తన చుడీదార్ కాస్త పైకి జరిగింది. పిక్కల మీద ఎర్రటి చారలు వరసగా, కొన్నిచోట్ల చర్మం లేచిపోయి ఉంది. మళ్ళీ కాళ్ళ మీద సాధన మొదలుపెట్టింది. వెంట్రుకలు అయిపోయినా ఆపలేదు కాబోలు. ఆ సాయంత్రం కస్టమర్లందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, అక్కా నీ ఐబ్రోస్ చేస్తా, జెర ఎక్కడ బరువు పడుతున్నదో చెప్పు, నిజం చెప్పు అని బతిమాలింది.

కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. చెయ్యి ఎప్పటిలాగే ఉంది, పూవు రాలినంత తేలిక. వాసన మాత్రం నేరుగా నా ముఖం మీద పడుతోంది, నేను ఊపిరి బిగబట్టుకున్నాను. ఇప్పుడు బాగుంది అంటే రేపు పొద్దున మళ్ళీ కుర్చీ ఇవ్వాలి. అయిపోయాక, ఇంకా కొంచెం బరువుగానే ఉంది అన్నాను. మొదటిసారి చెప్పిన అబద్ధానికి మొహమాటమనో, జాలి అనో పేరు పెట్టుకోవచ్చు. ఈ రెండోదానికి నా దగ్గర ఇప్పటికీ పేరు లేదు. జీవితంలో వెనక్కి తీసుకోగలిగేది ఒకటే మాట అంటే నేను దీన్నే తీసుకుంటాను.

శ్రావణం రాకముందే పని మానేసింది. ఈ పని నా చెయ్యికి రాదక్కా, చీరలకు పీకో, ఫాల్ కుట్టుడు నేర్చుకుంటున్న అని చెప్పింది. పోవద్దని నేను ఒక్క మాటా అనలేదు. పైగా కొంచెం ఊపిరి పీల్చుకున్నాను కూడా. మరుసటి ఏడు పెళ్ళి కార్డు ఇచ్చి వెళ్ళింది. అత్తవారిది నేరేడ్‌మెట్. పెళ్ళికి వెళ్ళి చూస్తే, తన కనుబొమలు ఎవరో పని తెలియనివాళ్ళు సన్నగా గీసి పాడుచేసి ఉన్నారు.

తర్వాత కరోనా వచ్చింది. నెలల తరబడి మూసి, మళ్ళీ తెరిచినప్పుడు మా పని పద్ధతే మారిపోయింది. నోట్లో దారం పెట్టుకోవడం కుదరదు. ముఖానికి మాస్క్, దారాన్ని మెడ చుట్టూ తిప్పుకుని అక్కడి నుంచి బిగువు తెచ్చుకోవాలి. నలభై దాటిన వయసులో కొత్తగా నేర్చుకుని, మెడంతా గీతలు పడి, వారం రోజుల్లో అలవాటైంది. అలవాటైన రోజున నాకు ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఆ వారం రోజుల శ్రమ అప్పుడే పడి, ఇద్దరం మాస్కులు పెట్టుకుని పని చేసి ఉంటే ఆమె కుర్చీ ఆమెకే ఉండేది. డాక్టర్లు మాస్కులు పెట్టుకోవడం అప్పటికి నేను చూడలేదా ఏమిటి?

మాస్క్ ఇంకో పని కూడా చేసింది. నా ఊపిరి నాకే తిరిగి కొట్టింది. మొదట మాస్క్ బట్టది తప్పనుకున్నాను. వేడినీళ్ళలో ఉతికాను, కొత్తవి కొన్నాను, మామిడల్లం తినడం మానేశాను. పదో రోజుకు ఒప్పుకోక తప్పలేదు. ఆ వాసన నాకు కొత్తది కాదు. ముఖం మీద జానెడు దూరం నుంచి నేను ఊపిరి బిగబట్టి తప్పించుకున్న వాసనే అది. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు, అలా అయింది నా పని. మరో రెండు రోజులకు పుక్కిలిస్తుంటే వాష్‌బేసిన్‌లో తెల్లటి నూక ఒకటి పడింది. నేను ఆ పొద్దున ఉప్మా తినలేదు.

అద్దం ముందు టార్చి పెట్టుకుని నోరు తెరిచి చూసుకున్నాను. కొండనాలుకకు అటూఇటూ ఉండే టాన్సిల్స్‌లో, ఎడమ వైపు దాని సందులో ఇంకో తెల్ల చుక్క కనబడింది. ఏళ్ళ తరబడి ముఖాల మీద బ్లాక్‌హెడ్స్ తీసే చెయ్యి నాది, ఊరుకుంటుందా? ఇయర్‌బడ్‌తో పొడిచాను. రాకపోతే పిన్నీసు తలతో ప్రయత్నించాను. నెత్తురు వచ్చింది, చుక్క రాలేదు. అప్పుడు బుద్ధి తెచ్చుకుని చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ లైటు వేసి చూసి ముందు పిన్నీసు గురించి నాలుగు చీవాట్లు పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. టాన్సిల్స్ నున్నగా ఉండవట, వాటి మీద చిన్న చిన్న గుంతలు ఉంటాయట. కొందరికి ఆ గుంతలు కాస్త లోతు. అందులో తిన్నదాని తునకలు, నోటిలో రాలిన చర్మం, సూక్ష్మక్రిములు చేరి, గట్టిపడి ఇలా గింజ కడతాయి. వాటినే టాన్సిల్ రాళ్ళంటారట. వాసన ఆ క్రిములది. పళ్ళు ఎంత తోమినా బ్రష్ అక్కడిదాకా పోదు కాబట్టి శుభ్రంగా ఉండేవాళ్ళకూ వస్తాయి. ఇది అంటుకునేది కాదు, సాధారణంగా ప్రమాదమూ కాదు. భోజనం తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్ళు గొంతు దాకా పోసి పుక్కిలించాలి, పళ్ళు తోముకోవడంతో పాటు నాలుక కూడా గీసుకోవాలి, మంచినీళ్ళు బాగా తాగాలి. చాలావరకు వాటంతటవే ఊడి వచ్చేస్తాయి. పెద్దవై బాధపెడుతున్నా, నొప్పి, జ్వరం, నెత్తురు ఉన్నా, ఒక వైపే వాచినా వచ్చి చూపించుకోవాలి. పదే పదే విసిగిస్తే తప్ప ఆపరేషన్ మాట అక్కర్లేదని చెప్పింది.

అయిదు నిమిషాల్లో అయిపోయింది ఆవిడ చెప్పడం. అంతేనా అని అడిగాను. అంతేనమ్మా, భయపడకండి అంది. నేను భయపడి అడగలేదు. గొంతులో ఇరికినట్టుందని టిష్యూ కాగితం పట్టుకుని నిలబడిన పిల్ల కళ్ళ ముందు కదిలి, అయిదు నిమిషాల మాటా, దోసెడు ఉప్పునీళ్ళా అని అడిగాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన పేపర్ మీంచి తల ఎత్తకుండా, ఏడాది నుంచి నాకు తెలుస్తూనే ఉంది అన్నాడు. ఎందుకు చెప్పలేదంటే నువ్వు బాధపడతావని అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజూ వందమంది ముఖాల మీద ఊపిరి వదిలే మనిషిని, నా బతుకే అది, కట్టుకున్నవాడివి నువ్వు చెప్పకపోతే ఎవడు చెబుతాడు, నా బాధ నేను పడతాను, దాన్ని నువ్వెవరు దాచడానికి అని పెద్ద గొంతుతో మొదలుపెట్టాను. సగం దాకా తిట్టి ఆగిపోయాను. నేను ఇంకా తిడతానని ఆయన కాసేపు ఎదురుచూసి, మళ్ళీ పేపర్ చదువుకున్నాడు.

ఉప్పునీళ్ళతో నెల తిరిగేసరికి వాసన పోయింది. ఇప్పటికీ ఎప్పుడో ఒకటి గింజ కడుతుంది, పుక్కిలిస్తే వచ్చేస్తుంది. నా జబ్బు సంగతి అక్కడితో సరి. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. నేరేడ్‌మెట్ ఏమీ కాశీ కాదు, మా ఇంటి నుంచి ఆటోలో అరగంట. ఒకసారి వర్షమన్నాను, ఒకసారి పెళ్ళిళ్ళ సీజనన్నాను, ఒకసారి ఆటో ఎక్కి సగం దూరం పోయి దిగిపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేగా అని నాకు నేనే సామెతలు చెప్పుకుని వెనక్కి వచ్చాను. కాలింది నా చెయ్యి కాదని అప్పుడు గుర్తుకు రాలేదు.

పోయిన ఏడు వెళ్ళాను. ఇంటి ముందు గదిలో పీకో మెషిన్ పెట్టుకుంది. గోడ నిండా రంగురంగుల దారపు రీళ్ళు, తీగ మీద మడతపెట్టిన చీరలు. నన్ను చూసి లేచి, దారి తప్పి వచ్చినవా అక్కా అని నవ్వింది. స్టూలు తుడిచి కూర్చోబెట్టి, అత్తగారిని పిలిచి, వద్దన్నా చాయ్ పెట్టించింది. దగ్గరగా వంగి కప్పు అందించినప్పుడు నేను గమనించాను, వాసన లేదు. ధైర్యం చాలక ముందు నా గొంతు సంగతి చెప్పాను, రాళ్ళు, మాస్క్, పిన్నీసు అన్నీ. ఆమె పగలబడి నవ్వింది. తనకు సుత గవే ఉండేనట. పెళ్ళయిన వారానికే వంటింట్లో అత్త, ఉల్లిగడ్డలు కోస్తూ, కత్తిపీట మీద చెయ్యి ఆపకుండానే, బిడ్డా నీ నోరు వాసనొస్తున్నది, రేపు దవాఖానకు పోదాం పా అన్నదట. ఏడ్చావా అని అడిగాను. జెర సేపు ఏడ్సిన, మల్ల పోయినం అంది. డాక్టర్ చూసి ఉప్పునీళ్ళు చెప్పాడట. రెండు నెలల్లో తగ్గిందట.

"అంటే మీ దగ్గర పని చేసినప్పుడు సుత ఉండే కావచ్చు. పాపం కస్టమర్లకు ఎంత తక్లీఫ్ అయిందో. నువ్వు ఒక్క మాట అనకపోతివి అక్కా. ఎట్ల సైసినవో ఏమో."

నాకు కృతజ్ఞత చెబుతోంది. కప్పు కింద పెట్టి, తల దించుకుని చెప్పేశాను. వాసన నాకు తెలుసని, కుర్చీ దగ్గర నుంచి తప్పించింది అందుకేనని, చెయ్యి బరువైందని ఏ కస్టమరూ అనలేదని, అది నేను కల్పించిన మాట అని. నీ చెయ్యి ఎప్పుడూ బరువు కాలేదమ్మా, నేను ఎరిగిన చేతుల్లో నీదే తేలిక అన్నాను. క్షమించమని అడిగాను. ఇంత పెద్ద నోరున్న నాకు ఆ చివరి మాట బయటికి రావడానికి చాలా సేపు పట్టింది.

ఆమె మెషిన్ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. అంతకుముందు ఏడు ఆ కాలనీలో పార్లర్ పెట్టినావిడ ఇంటికొచ్చి పనికి పిలిచిందట, నా చెయ్యి మంచిగ లేదని తనే చెప్పి పంపించిందట. ఆడబిడ్డ పెళ్ళికి ఇంట్లో అందరూ అడిగినా దారం పట్టలేదట. వాసన వేరే, చెయ్యి వేరే అనుకున్న అక్కా, నాకు రెండూ ఉన్నయనుకున్న అంది. తర్వాత నా వైపు తిరిగి, మరి ఆ పొద్దు నీకు చేసిన్నాడు, నువ్వు కండ్లు మూసుకొని బరువుగనే ఉన్నదన్నవ్ గదా అని అడిగింది. అదీ అబద్ధమే అన్నాను.

ఇక కూర్చోలేకపోయాను. గోడ మీద తెల్లదారపు రీలు కనబడితే తీసి ఆమె చేతిలో పెట్టాను. స్టూలు గోడకు జరిపి, తల వెనక్కి ఆనించి, ఇప్పుడు చెయ్యి, నీకే తెలుస్తుంది అని కళ్ళు మూసుకున్నాను. రీలులోంచి దారం లాగిన చప్పుడు వినబడింది. చాలాసేపు ఎదురుచూశాను. ముఖం మీద ఊపిరి తగల్లేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆమె లాగిన దారాన్ని మళ్ళీ రీలుకు చుడుతోంది. కోపంగా లేదు. ఒక కస్టమర్‌కు కుదరదని చెప్పేటప్పుడు ఎంత మర్యాదగా చెప్పేదో అంత మర్యాదగా చెప్పింది.

"వద్దక్కా. అప్పుడు నొప్పి లేకున్నా ఉన్నదన్నవ్. ఇప్పుడు ఉంటే సుత లేదంటవ్."